నీలం పట్టీ కెమెరా

పొద్దున్నే లేచి, ముఖం కడుక్కోకముందే ఫొటోలావిడ చేసే మొదటి పని బ్యాటరీలు చూసుకోవడం. వంటింటి గట్టు మీద రెండు చార్జర్లు ఎడమొహం పెడమొహంగా ఉంటాయి. ఆకుపచ్చ పట్టీ కెమెరా కంపెనీ బ్యాటరీ నీలం పట్టీ కంపెనీ చార్జర్లో కూర్చోదు. దాని లెన్సు దీనికి ఎక్కదు. ఒకదాని లెన్సు కుడివైపు తిప్పితే బిగుస్తుంది, రెండోదాన్ని ఎడమవైపు తిప్పాలి. ఆ రెండు కంపెనీలవాళ్ళూ ఏ జన్మలో ఏ గొడవ పడ్డారో గానీ, ఆఖరికి మూతలు కూడా ఒకరివి ఒకరికి సరిపోకుండా చేసిపెట్టారు. ఈ రెండిటినీ ఒకే ఇంట్లో పెట్టుకునేవాళ్ళు అరుదు. ఫొటోల పనిలో ఉన్న ఎవరినడిగినా ఏదో ఒకదాంట్లో ఉండమనే చెబుతారు.

ఆకుపచ్చ పట్టీది ఆవిడది. నీలం పట్టీది వాళ్ళాయనది.

ఇద్దరిదీ ఒకే పని. బడిపిల్లల గుర్తింపు కార్డుల ఫొటోలు, ఆఫీసుల్లో ఉద్యోగస్తుల ఫొటోలు, కొట్లవాళ్ళు అమ్ముకునే సరుకుల ఫొటోలు. పెళ్ళయిన కొత్తలోనే ఆయన అన్నాడు, "ఒక కొంపలో రెండు కంపెనీలేమిటి, చూసేవాళ్ళు నవ్విపోతారు. నువ్వు నా దాంట్లోకి వచ్చెయ్. లెన్సులన్నీ ఇద్దరం వాడుకోవచ్చు." ఆవిడ అంది, "మీరే నా దాంట్లోకి రండి. నాది పెళ్ళికి ముందు నా డబ్బుతో కొనుక్కున్నది." ఆ మాట మీద వాళ్ళిద్దరూ సంసారమంతా గడిపేశారు. అన్నం తింటూ వాదించుకున్నారు, బస్సులో వాదించుకున్నారు, ఆయన ఆసుపత్రి మంచం మీద ఉండగా కూడా ఒక సాయంత్రం వాదించుకున్నారు. ఇద్దర్లో ఎవరూ దిగిరాలేదు. ఆయన పోయాక వాదించడానికి మనిషి లేక ఆవిడకి నోరు చేదుగా ఉండేది.

ఆయన పోయిన నెలన్నరకి, పాడైపోతుందేమోనని నీలం పట్టీ కెమెరా బయటికి తీసి, తుడిచి, కిటికీ వైపు పెట్టి ఒకసారి నొక్కింది. వెనక తెరలో కిటికీ రాలేదు. ఆవిడే వచ్చింది. కెమెరా పట్టుకుని కిటికీ వైపు తిరిగి నిలబడ్డ ఆవిడని, ఎవరో పక్కనున్న పేము కుర్చీలో కూర్చుని తీసినట్టు ఉంది. ఫోకస్ సరిగ్గా కంటి మీద ఉంది. ఆయనకి ఆ పిచ్చి ఉండేది. ఫోకస్ కంటి మీద లేకపోతే ఎంత మంచి ఫొటోనైనా తీసి అవతల పారేసేవాడు. ఆవిడ ఆ తెర వంక చూస్తూ కాసేపు నిలబడింది. స్టౌ మీద పాలు పొంగుతున్న వాసనొస్తే వెళ్ళిపోయింది.

ఆదివారం ఆడపడుచు వచ్చినప్పుడు చూపించింది. పక్క వీధిలోనే ఉంటుంది ఆ అమ్మాయి, బ్యాంకులో పని.

"అన్నయ్య కుర్చీ వదల్లేదన్నమాట," అంది ఆడపడుచు. "ఆ కుర్చీలో ఉతికిన బట్టలు పడెయ్యకు వదినా. పాపం, వాటి మీద కూర్చోవాలి."

ఆ రోజు నుంచి కుర్చీ ఖాళీగా ఉంచేది. కెమెరా ఎటు పెట్టి నొక్కినా, ఎవరు నొక్కినా, వచ్చేది ఆవిడే. ఆయన ఎక్కడుంటే అక్కణ్ణుంచి. కూరగాయలు తరుగుతుంటే గుమ్మంలోంచి, కంప్యూటరు ముందు పిల్లల మొహాలు సరిచేస్తుంటే బల్లకి అవతలి నుంచి. రోజూ కాఫీ తాగాక ఒక్కసారి నొక్కి చూసుకోవడం అలవాటైంది. ఇవాళ ఎక్కడున్నారో అనుకునేది. కనిపించాక పనికి బయల్దేరేది. ఆ ఒక్క నొక్కుడుతోనే ఆవిడకి రోజు గడిచేది.

ఇంతలో ఆకుపచ్చ కెమెరా మొండికేసింది. ఒక బడిలో, పిల్లలంతా తలలు దువ్వుకుని వరసలో నిలబడి ఉండగా, షట్టర్ మధ్యలో ఇరుక్కుపోయింది. ఎంత కొట్టుకున్నా కదల్లేదు. "ఇంకో కెమెరా తెచ్చుకోలేదా మేడమ్?" అన్నాడు హెడ్‌మాస్టరు. ఉందని చెప్పి, అందులో నేనే వస్తానని చెప్పలేక, ఆవిడ నేల చూపులు చూసింది. బాగు చేయించుకుని వెళ్ళి ఆ పని పూర్తి చేసింది గానీ, ఇంకొకసారి ఇలా అయితే బడివాళ్ళు వేరేవాళ్ళని చూసుకుంటారని ఆవిడకి అర్థమైంది. పని పోతే ఇల్లు గడవదు.

కెమెరాలు బాగుచేసే మెకానిక్కు వాళ్ళాయనకి పాత స్నేహితుడు. నీలం కెమెరాలో తనే వస్తోందని ఆవిడ ఆయనకీ చెప్పింది. అంతా విని మెకానిక్కు తేల్చి చెప్పాడు.

"చెల్లెమ్మా, పనికి వెళ్ళేవాళ్ళకి రెండో కెమెరా ఉండి తీరాలి. వాడి కెమెరా, లెన్సులు నాకిచ్చెయ్యి. బదులు నీ కంపెనీదే ఇంకో కెమెరా ఇస్తాను. లెన్సులన్నీ రెండిటికీ పనికొస్తాయి. బరువు తగ్గుతుంది, తలనొప్పి తగ్గుతుంది."

"మరి అది ఎవరు కొంటారు అన్నయ్యగారూ? వాళ్ళ పిల్లల్ని ఫొటో తీసుకుంటే నేనొస్తాను కదా?"

మెకానిక్కు బుర్ర గోక్కున్నాడు. "అదొకటుంది. విడి భాగాలుగా అమ్ముతాను. భాగాల్లో ఎవరూ ఉండరు."

ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది. ఆలోచించి చెబుతానంది. ఇంటికొచ్చి, కుర్చీ వైపు చూడకుండానే, గట్టిగా అంది. "విన్నారుగా. నాకు గత్యంతరం లేదు. రెండూ పెట్టుకోవడం నా వల్ల కాదు."

మర్నాడు నొక్కితే వీపు వచ్చింది.

ఆయన వెనక్కి వెళ్ళాడు. ఆ తర్వాత రోజూ అంతే. తల దువ్వుకుంటున్నా, నిలబడి నీళ్ళు తాగుతున్నా, ఫొటోలో వచ్చేది వీపు, మెడ, ముడి. మొహం ఎక్కడా లేదు. రోజురోజుకీ దగ్గరికి జరుగుతున్నాడు కూడా. మొదట గది అంతా కనిపించేది, తర్వాత భుజాలు, ఆ తర్వాత మెడ మాత్రమే. అన్నిటికన్నా విడ్డూరం, ఫోకస్ తప్పుతోంది. చెవి మసక, మెడలో గొలుసు మసక, ఎక్కడో జుట్టులో పదును. అంత ఫోకస్ పిచ్చి ఉన్న మనిషికి ఇదేం పోయేకాలమని ఆవిడ అనుకుంది.

గోడకి ఆనుకుని కూర్చుని నొక్కింది. అయినా వెనకనుంచే వచ్చింది, అక్కడ గోడ లేనట్టు. ఇన్నాళ్ళూ ఆయన ఉన్నాడంటే ధైర్యంగా ఉండేది గానీ భయం వేసింది లేదు. ఇప్పుడు వేసింది. పనిలో ఉన్నప్పుడు కూడా మెడ మీద ఎవరో వంగి చూస్తున్నట్టుండి, చెయ్యి తనంతట తనే వెనక్కి పోయేది. స్కార్ఫు చుట్టుకుని చూసింది. ఫొటోలో గుడ్డ నేత మసకగా వచ్చింది. ఫోకస్ గుడ్డ దాటి లోపలెక్కడో ఉంది. ఆవిడ కెమెరాని సంచీలో పెట్టి జిప్పు వేసింది, మళ్ళీ వెంటనే తీసింది.

"నా మొహం చూడ్డం ఇష్టం లేదా?" అంది ఖాళీ కుర్చీతో. "అమ్ముతానన్నందుకే ఇంత కోపమా? బతికున్నప్పుడు ఎన్ని గొడవలు పడ్డా ఒక్కరోజు మొహం తిప్పుకోలేదే."

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నొక్కింది. తన చెవి వెనక జుట్టు, తెర నిండా.

ఆడపడుచుకి చెబితే ఆ అమ్మాయి కూడా నొచ్చుకుంది. "అన్నయ్య మొండివాడే గానీ, ఇంత సాధింపు మనిషి కాదు వదినా. కెమెరాకే ఏదో అయ్యుంటుంది. బాగు చేయించు ముందు."

అదీ నిజమే అనిపించింది. బ్యాక్ ఫోకస్ అని ఒక జబ్బుంది. కంటి మీద పెడితే పదును కంటికి కాస్త వెనక పడుతుంది. పాత కెమెరాలకి మామూలే. ఆయన కోపంతో చేస్తున్నది కాదు, కెమెరాయే పాడైందని నమ్మడానికి ఆవిడ మనసు వెంటనే ఒప్పుకుంది. ఫొటోలన్నీ పట్టుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్ళింది.

మెకానిక్కు నాలుగైదు చూసి, "బ్యాక్ ఫోకస్సే," అన్నాడు. "సందేహమే లేదు. దీనికోసం ఖర్చు పెట్టకు. విప్పి భాగాలు చేసేస్తాను, ఇక్కడే పెట్టి వెళ్ళు."

ఆవిడ కెమెరా బల్ల మీద పెట్టింది. పట్టీ మాత్రం చేతిలోనే ఉండిపోయింది.

"ఒక్కసారి అన్నీ పెద్ద తెర మీద పక్కపక్కన పెట్టండి అన్నయ్యగారూ. కళ్ళారా చూసి వెళ్ళిపోతాను."

పెట్టాడు. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫొటోలు చూడ్డం ఆవిడ పని. ఎన్ని వేల మొహాలు చూసిందో. ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ మధ్యలో ఆగిపోయింది. ఒక ఫొటో ఎడమ భుజం మీంచి తీసింది, అందులో పదును ఎడమ చెవికి అవతల ఉంది. ఇంకోటి కుడి పక్కనుంచి తీసింది, అందులో పదును కుడి చెవికి ఇవతల ఉంది. ఒకటి పైనుంచి.

"జబ్బయితే ప్రతిసారీ వెనక్కే పోవాలి కదా," అంది. "ఇది ఒకచోట ముందుకొచ్చింది."

మెకానిక్కు ముందుకు వంగాడు.

"ఎటునుంచి తీసినా పదునుగా ఉన్నది ఒకటే చోటు. కుడి చెవి వెనక, జుట్టు మొదట్లో." ఆవిడ తెర మీద వేలు పెట్టింది. "ఫోకస్ తప్పలేదు అన్నయ్యగారూ. కావాలనే అక్కడ పెట్టారు."

పెద్దది చేసి చూశారు. వెంట్రుకల మధ్య నల్లటి మచ్చ. మొదటి ఫొటోలో కందిగింజంత. ఆఖరి ఫొటోలో అంచులు చెదిరి, ఒక పక్క ఎర్రబడి, చిటికెన వేలి గోరంత అయ్యింది. ఆవిడకి అలాంటిది ఉందనే తెలీదు. ఎవరి చెవి వెనక వాళ్ళకి ఎలా కనిపిస్తుంది?

మెకానిక్కు కెమెరా తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "భాగాల సంగతి తర్వాత. డాక్టరుకి చూపించు చెల్లెమ్మా. ఇవాళే వెళ్ళు."

ఆడపడుచు బ్యాంకులో సెలవు పెట్టి వెంట వచ్చింది. చర్మం డాక్టరు జుట్టు పక్కకి తీసి, లైటు వేసి చూసి, మాటలు తగ్గించేసింది. ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా ఆవిడకి ముద్ద దిగలేదు. అది చెడ్డదే. కానీ లోతుకి పోలేదు. కోసి తీసేస్తే సరిపోతుందన్నారు, తీసేశారు, చుట్టూ శుభ్రంగా ఉందన్నారు.

కట్టు కట్టాక డాక్టరు అడిగింది. "దీన్ని ఎలా కనిపెట్టారు? ఇలాంటి చోట ఉన్నవి మా దగ్గరికి చాలా ఆలస్యంగా వస్తాయి."

"మా ఆయన చూశారు," అంది ఆవిడ.

"అదృష్టవంతులు. ఆయన్ని లోపలికి రమ్మనండి, కట్టు ఎలా మార్చాలో చూపిస్తాను."

ఆవిడ తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ ఆడపడుచు ముందుకొచ్చి, "నాకు చూపించండి డాక్టర్. నేను ఆయన చెల్లెల్ని," అంది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఎండ గదిలో సగం దాకా పరుచుకుని ఉంది. ఆవిడ మంచం మీద దిళ్ళకి ఆనుకుంది. ఆడపడుచు చెప్పకుండానే కెమెరా తీసి, ఏదో ఒకటని బల్ల వైపు పెట్టి నొక్కింది. తెర చూసి, వదిన చేతికిచ్చింది.

మొహం. నెలల తర్వాత మొహం. తల చుట్టూ కట్టు, కళ్ళ కింద నలుపు, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. చాలా దగ్గరగా, ఎదురుగా కూర్చుని తీసినట్టుంది. కంటి రెప్పలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు.

"కోపం కాదు," అంది ఆవిడ. "నేనేమో ఎన్ని మాటలన్నాను."

"అన్నయ్య ఎప్పుడు పట్టించుకున్నాడులే." ఆడపడుచు కళ్ళు తుడుచుకుని మళ్ళీ నొక్కింది.

బల్ల వచ్చింది. బల్ల మీద మందుల సంచీ, నీళ్ళ సీసా. మళ్ళీ నొక్కింది. బల్లే. కుర్చీ వైపు పెట్టి నొక్కితే కుర్చీ, కిటికీ వైపు పెడితే కిటికీ. ఆవిడ లేచి కూర్చుని కెమెరా లాక్కుని తనే నొక్కింది, మళ్ళీ మళ్ళీ. గది మూలలన్నీ వచ్చాయి. ఎందులోనూ ఆవిడ లేదు. బతికి బట్టకట్టానన్న సంతోషమూ, ఆయన వెళ్ళిపోయాడన్న దుఃఖమూ ఒక్కసారే మీద పడ్డాయి. ఆడపడుచు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ చీకటి పడేదాకా లైటు వెయ్యలేదు.

కుట్లు విప్పించుకున్న వారానికి మెకానిక్కు ఫోను చేశాడు. సంగతంతా విని, మెల్లగా అడిగాడు. "ఇప్పుడది మామూలు కెమెరానే అంటున్నావు కాబట్టి, విప్పక్కర్లేదు. అలాగే అమ్ముడుపోతుంది. నీ కంపెనీది ఒకటి పక్కన పెట్టే ఉంచాను. ఏం చేద్దాం?"

"వద్దన్నయ్యగారూ. రెండూ ఉంచుకుంటాను."

"రెండు కంపెనీలు మొయ్యలేవమ్మా. లెన్సులు కలవవు, బ్యాటరీలు కలవవు."

"కలవవు. మేమెప్పుడు కలిశాం గనక?" అంది ఆవిడ. అవతల ఆయన నవ్వాడో, ముక్కు చీదాడో తెలీలేదు.

ఆ సోమవారం రెండు సంచీలు రెండు భుజాలకి తగిలించుకుని బడికి వెళ్ళింది. పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. ఆకుపచ్చ కెమెరా బాగానే పనిచేస్తోంది. అయినా దాన్ని పక్కన పెట్టి నీలం పట్టీ మెడలో వేసుకుంది. మొదటి పిల్ల వచ్చి స్టూలు మీద కూర్చుంది. జడలు ముందుకు వేసుకుని, నవ్వాలా వద్దా అని తేల్చుకోలేక చూస్తోంది. ఆవిడ ఫోకస్ కంటి మీద పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కింది.

"బాగా వచ్చానా ఆంటీ?"

ఆవిడ తెర వంక చాలాసేపు చూసింది. అందులో ఆ పిల్ల ఒక్కతే ఉంది.

"బాగా వచ్చావమ్మా," అంది.