ఆయిలు వేడెక్కేదాకా

ఆయిలు ఎనభై డిగ్రీలకు వేడెక్కక ముందే వేగం పెంచితే ఇంజిన్ అరిగిపోతుంది గనుక, ఆ పాత స్పోర్ట్స్ కారును మొదట మెల్లగా నడపడం ఆ దంపతులకు ముప్పై ఏళ్లుగా తప్పని నియమం. చలి ముదిరిన ఒక ఉదయం ఆమెకు గుండెనొప్పి వచ్చింది. ఆయన ఆమెను కారులో కూర్చోబెట్టి, యాక్సిలరేటరును గట్టిగా తొక్కాడు.

“ఆయిలింకా నలభై దగ్గరే ఉందండీ! దాని ప్రాణం తీస్తారా ఏం? మెల్లగా పోనివ్వండి, నాకేం కాదు,” అని ఆమె అంత నొప్పిలోనూ కసురుకుంది.

అలవాటు కొద్దీ ఆయన కాలు సడలించాడు.

“పది నిమిషాలు ముందొచ్చుంటే బతికేవారు,” అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు.

కూతురు తండ్రి చేతులు పట్టుకొని ఏడ్చింది. “రోడ్డంతా జామయ్యుంటుంది నాన్నా, మీరు మాత్రం ఏం చేస్తారు?”

రోడ్డు ఖాళీగానే ఉందని చెప్పడానికి నోరు రాక, అబద్ధమాడి ఎరుగని ఆ మనిషి తలూపాడు.