ముప్పై మూడో గడి

మా ఆఫీసులో ఆవిడను అందరం సున్నా మేడమ్ అంటాం. ఎదురుగా కాదు, అంత ధైర్యం ఎవరికీ లేదు. ఉన్న నలుగురిలో పెద్దది ఆవిడే. ఎవరు ఏ ప్రోగ్రామ్ రాసినా ఆవిడ చూసి సరే అంటేనే గడప దాటుతుంది. ఒక మాటను ఒక చోటి నుంచి మరో చోటికి కాపీ చేసే లైను కనిపించిందా, కుర్చీ వెనక్కి జరిపి మూడు ప్రశ్నలు వేస్తుంది: "వచ్చేది ఎంత? పట్టేది ఎంత? సున్నా ఎక్కడ కూర్చుంటుంది?" పదకొండేళ్లుగా ఇవే ప్రశ్నలు, ఇదే వరుసలో.

ఆసుపత్రుల్లో రోగి చేతికి కట్టే పట్టీలు ముద్రించే మిషన్ మాది. ప్రోగ్రామ్ సీ భాషలో ఉంటుంది. సీ భాష చెప్పింది చేస్తుంది, ఎందుకని అడగదు. రోగి పేరుకు వరసగా ముప్పై రెండు గడులు, అక్షరానికొకటి. ఆ వెంటనే, మధ్యలో గోడ లేకుండా, ఆ రోగికి పడని మందుల గడులు. ఏ మాట రాసినా చివర ఒక సున్నా పెట్టాలి, మాట ఇక్కడితో అయిపోయిందని గుర్తుగా. ఆ సున్నాకూ ఒక గడి కావాలి. ఈ సంగతి పని నేర్చుకున్న మొదటి వారంలోనే అందరికీ తెలుస్తుంది. నాకూ తెలిసింది.

పాత ప్రోగ్రామ్ పేరు పొడవు చూడకుండానే కాపీ చేసేది. దాన్ని భద్రంగా మార్చే పని నా నెత్తిన పడింది. పేరు ముప్పై రెండు అక్షరాలకు మించితే కాపీ చేయకు, ఆగి, పేరు కుదించమని ఆసుపత్రి గుమాస్తాను అడుగు అని రాశాను. ముప్పై అక్షరాల పేరుతో చూశాను, నలభై అక్షరాల పేరుతో చూశాను. రెండూ బ్రహ్మాండంగా పనిచేశాయి.

ఆ రోజు మేడమ్ కళ్ల డాక్టరు దగ్గర చుక్కలు వేయించుకుని వచ్చింది. తెర మీద అంతా మసగ్గా ఉందంది.

"సరిగ్గా ముప్పై రెండుతో చూశావా?"

"చూశాను మేడమ్."

"నీ మాట మీద సరే అంటున్నా."

నేను చూడలేదు. కొలిచి కోసినట్టు ముప్పై రెండు అక్షరాల పేరు ఎవరికి ఉంటుందిలే అని నా ధీమా. పైగా ఆకలి దంచేస్తోంది.

ఆరు వారాల తర్వాత అమ్మకు పిత్తాశయంలో రాళ్లు తీయించడానికి ఆసుపత్రిలో చేర్పించాను. అమ్మకు పెన్సిలిన్ పడదు. నా చిన్నప్పుడొకసారి ఇస్తే ముఖం వాచిపోయి, ఊపిరాడక, ఇక దక్కదనే అనుకున్నారు. అందుకని డాక్టరు కనిపించినా, కాంపౌండరు కనిపించినా, ఆఖరికి లిఫ్టు నడిపే ఆయన కనిపించినా ముందు ఆ మాటే చెబుతుంది. కౌంటర్లో గుమాస్తాకూ చెప్పింది. అతను టైపు చేయడం నా కళ్లతో చూశాను. తర్వాత గుర్తింపు కార్డు తీసుకుని, అందులో ఉన్నట్టు పేరు పూర్తిగా కొట్టాడు. పట్టీ బయటికొచ్చింది. పేరు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఎంత చక్కగా సరిపోయిందో! ఇది మా మిషనేనని గుమాస్తాకు చెప్పాను కూడా. అతను తర్వాతి వాళ్లను పిలిచాడు.

గంట తర్వాత అమ్మ మత్తుమందుకు జోగుతోంది. నర్సు ట్రేతో వచ్చింది.

"ఏం మందమ్మా అది?" ఊరికే అడిగాను.

"ఆపరేషన్‌కి ముందు ఇచ్చేదే సార్. పెన్సిలిన్."

ట్రేకి అడ్డంగా చెయ్యి పెట్టాను. "ఆగండి! అమ్మకది పడదు."

నర్సు పట్టీ తిప్పి చూసింది. "పడని మందులు లేవు అని ఉందిగా."

"పట్టీ తప్పు."

"కంప్యూటర్ ఇచ్చింది సార్. తప్పెందుకుంటుంది?"

"దానికి రాసిచ్చింది నేనే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి సూది ట్రేలో పెట్టేసింది. "మరి ఆ ముక్క ముందే చెప్పాలిగా" అని, ఎర్ర పెన్నుతో పట్టీ మీద కొట్టేసి రాసింది.

వరండాలో నిలబడి గోడ మీద వేలితో అమ్మ పేరు ఇంగ్లీషులో రాసుకుంటూ లెక్కపెట్టాను. ఇంటిపేరు, తాతయ్య ఎవరినీ నొప్పించలేక పెట్టిన రెండు పేర్లు, మధ్యలో ఖాళీలు. ముప్పై రెండు. నలభై ఏళ్లుగా అమ్మా అని పిలుస్తున్నాను గానీ ఆ పేరు పొడవెంతో నాకు తెలియదు. అన్ని గడులూ నిండిపోయాక, చోటు లేని సున్నా పక్కకు జరిగి మందుల మొదటి గడిలో కూర్చుంది. మిషన్ ఆ మొదటి గడి చూసి, ఇక్కడ మాటేమీ లేదనుకుని, 'లేవు' అని ముద్రించింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మేడమ్‌కి ఫోన్ చేశాను.

"మేడమ్, ముప్పై రెండు."

"చూడలేదు కదూ ఆ రోజు?"

"లేదు."

"ఎవరికి?"

"మా అమ్మకి. ఇంజెక్షన్ ఇవ్వలేదు. బాగానే ఉంది."

"పద్నాలుగు ఆసుపత్రులకూ ఫోన్ చేసి మిషన్లు ఆపించు. తిట్లు తర్వాత."

సాయంత్రానికి అందరికీ చెప్పాను. అలాంటి పేరున్న వాళ్లు ఇంకో ఇద్దరు తేలారు. ఇద్దరికీ పడని మందులంటూ ఏవీ లేవు. అందులో నా గొప్పేమీ లేదు. తిట్లు మాత్రం ఇప్పటికీ రాలేదు. వచ్చినా బాగుండేది.

పేరుకు ఇంకో గడి ఇచ్చాను, ముప్పై మూడోది. పని మొత్తం అంతే. ఒక అంకె మార్చడం. మెలకువ వచ్చాక అమ్మకు అంతా చెప్పాను. "ఏరా, నీ మిషన్‌కి నా పేరే దొరికిందా?" అంది.

దొరికింది. ఇప్పుడు ఆ ప్రోగ్రామ్‌ను ఎవరు ముట్టుకున్నా, ముందుగా నడిచే పరీక్షలో మొదటి పేరు అమ్మదే. మేడమ్ కాక మిగతా ఇద్దరికీ అదొక పొడుగాటి పేరు. రోజుకు పదిసార్లు అమ్మ ఆసుపత్రిలో చేరుతుంది, పెన్సిలిన్ పడదని చెబుతుంది. తెర మీద ఆ మందు పేరు కనిపించేదాకా, ఎంత ఆకలేసినా, నేను కుర్చీలోంచి లేవను.