నమ్మకూడని బొత్తాం

పుంగనూరు బస్టాండులో కూర్చుని తన ప్రోగ్రాం ప్రింటు కాగితాలు తిరగేస్తున్న మునీశ్వరికి తప్పు కనబడింది. రాయాల్సింది స్టార్ట్. రాసింది రన్.

మదనపల్లెలో జావా నేర్చుకుని ఏడాదైనా కాకుండానే, కుప్పంలో ఒక గ్రానైటు మిల్లుకు రంపం నడిపే ప్రోగ్రాం రాసిచ్చిన ఘనురాలు ఆమె. అందులో రెండు థ్రెడ్లు, అంటే ఇద్దరు పనివాళ్ళనుకోండి. ఒకరు రంపం తిప్పాలి, ఇంకొకరు ఆపే బొత్తాం ఎవరైనా నొక్కుతారేమోనని కనిపెట్టుకుని ఉండాలి. స్టార్ట్ అంటే రంపం థ్రెడ్ విడిగా తన పనిలో పడుతుంది. రన్ అంటే అసలు థ్రెడ్డే పుట్టదు. కోత అయ్యేదాకా ప్రోగ్రామంతా రంపం దగ్గరే ఇరుక్కుంటుంది, బొత్తాం వంక చూసే దిక్కుండదు.

మదనపల్లెలో రంపం లేదు కాబట్టి రెండు సెకన్ల ఉత్తుత్తి కోతతో పరీక్షించింది. బొత్తాం నొక్కేసరికి కోత దానంతటదే అయిపోయేది. ఆగిందని మురిసిపోయింది మహాతల్లి! కుప్పంలో ఒక పలక కోయడానికి నలభై నిమిషాలు.

ఈ ఉదయం పదింటికే ఆ ప్రోగ్రాంతో తొలి కోత మొదలు. రంపం మీద ఉండేది మల్లప్ప, రాతి మోతకు చెవులు పోయిన మనిషి. బురదనీళ్ళలో తిరిగే పళ్ళు కంటికీ కనబడవు. ఆపి, బీడీ ముట్టించి, చేత్తో బురద తోడడం ఆ మిల్లులో అలవాటు.

ఎస్టీడీ బూత్‌లోకి పరుగెత్తింది. మూడోసారికి మిల్లు మేస్త్రీ రెడ్డెప్ప ఫోనెత్తాడు.

"అన్నా, కరెంటు మెయిన్ ఆపు!"

"యాలమ్మా?"

"ముందు ఆపన్నా!"

రిసీవరు బల్ల మీద పడింది. రంపం మోత వినబడుతోంది. మోత ఆగింది. ఎందుకు ఆగిందో, ఏం తెగాక ఆగిందో తెలియక రిసీవరు చెవికి అదుముకుంది.

ఎవరో ఫోనెత్తి అరిచారు. మల్లప్ప!

"మునీశ్వరమ్మా! ఫోన్లో నువ్వేనంట గదా! నీ బొత్తాం బంగారమమ్మా! నొక్కి, బీడీ ముట్టిచ్చి, సెయ్యి పెట్టబోతాంటే నిలిసిపాయ!"

"అది బొత్తాం కాదప్పా, మెయిన్! దాన్ని నమ్మొద్దు! రెడ్డెప్పన్నకు ఇయ్యి!"

"ఆఁ, రెడ్డెప్ప కరెంటు కాడ ఉండాడు. ఆయప్ప ఏస్తానే మళ్ళా కోస్తాం. పెడతాండా."

అతనికి వినబడింది రెడ్డెప్ప పేరొక్కటే. ఫోను పెట్టేశాడు. ఆమె మళ్ళీ నెంబరు నొక్కింది. ఎంగేజ్. రిసీవరు సరిగ్గా పెట్టినట్టు లేదు.

బయట కుప్పం బస్సు హారన్ కొడుతోంది. రెండు గంటల దారి. ఆమె మళ్ళీ నొక్కింది. ఎంగేజ్.