తల్లుల గది

తల్లులంతా మేడమీద పరీక్ష రాస్తున్నారు. పిల్లలంతా కింద, తండ్రుల భుజాల మీద ఉన్నారు. ఆ కాలేజీవాళ్లు మాత్రం పిల్లలకు గుడ్డలు మార్చడానికని ఒక గది తయారుచేసి, ‘తల్లుల గది. మగవారికి ప్రవేశం లేదు’ అని బోర్డు పెట్టి, గుమ్మంలో ఒక ఆయమ్మను కూర్చోబెట్టారు. ఎంత తెలివి! తల్లి కిందికి రాకూడదు, తండ్రి గదిలోకి పోకూడదు. ఇక ఆ గది ఎవరికోసమో ఆ బోర్డు రాసిన మహానుభావుడికే తెలియాలి.

అది సర్కారు నర్సు పోస్టుల పరీక్ష. సంగారెడ్డి దాటాక హైవే పక్కన ఒక ప్రైవేటు కాలేజీలో సెంటరు పడింది. రాబిన్ పొద్దున్నే గుమ్మడిదల నుంచి భార్య బ్యూలానూ, ఎనిమిది నెలల కూతురు కెజియానూ బండి మీద తీసుకొచ్చాడు. బ్యూలా ఆరేళ్లుగా ప్రైవేటు ఆసుపత్రిలో చాలీచాలని జీతానికి నర్సుగా చేస్తోంది. కడుపుతో ఉండగా చదవడం మొదలుపెట్టి, పిల్లకు పాలిస్తూ కూడా పుస్తకం వదల్లేదు. వచ్చే నోటిఫికేషన్ నాటికి ఆమెకు వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరు.

పదింటికి గేటు మూసేముందు మైకులో మూడుసార్లు చెప్పారు. మధ్యలో హాలు వదిలి వచ్చినవాళ్లను మళ్లీ లోపలికి పంపరట. చంటిపిల్లలున్న మగవాళ్లను మాత్రం జాలిపడి పార్కింగ్ షెడ్డు దాకా రానిచ్చారు. పన్నెండున్నర దాకా పిల్ల నోరు మూయించడమే తన పరీక్ష అనుకున్నాడు రాబిన్.

పదకొండు కాకుండానే కెజియా కానిచ్చేసింది. పళ్లు వస్తున్నాయేమో, రెండు రోజులుగా విరేచనాలు. తొడల సందున ఎర్రగా ఒరుసుకుపోయింది. ఆ తడి క్షణం ఉంటే చాలు, పిల్ల గిలగిలా కొట్టుకుంటుంది.

ఇందులో రాబిన్‌కు కొత్తేమీ లేదు. మందుల కంపెనీలో అతనిది సెకండ్ షిఫ్టు. బ్యూలా డ్యూటీకి పోయాక మధ్యాహ్నం దాకా పిల్ల పనంతా అతనిదే. కడగడం, ఆరబెట్టడం, మందు రాయడం కళ్లు మూసుకుని చేస్తాడు. కావలసిందల్లా పిల్లను పడుకోబెట్టడానికి మూరెడు జాగా, చెంబెడు నీళ్లు.

మగవాళ్ల మరుగుదొడ్డిలోకి వెళ్లాడు. గోడవారన నిలబడి పోసుకునే తొట్లు వరసగా ఉన్నాయి. నేలంతా ఏ తడో తెలియని తడి. నల్లా తిప్పితే గాలి వచ్చింది. ఆ వాసనకు పిల్ల ముఖం తిప్పుకుని అతని మెడలో దాచుకుంది. ఎక్కడ పడుకోబెట్టాలి? మగవాడన్నాక వాడికి పిల్లలు పుట్టరా, పుట్టినా వాళ్లకు పిర్రలుండవా? తిట్టుకుంటూ బయటికొచ్చి ఆ గది దగ్గరకు నడిచాడు.

తలుపు వారగా తెరిచి ఉంది. లోపల బల్ల, దాని మీద మెత్తటి పరుపు, బకెట్ నిండా నీళ్లు, మగ్గు, తిరుగుతున్న ఫ్యాను. ఈగ కూడా లేదు.

“అవ్వా, జెర పిల్లను కడుక్కుంట. రెండే నిమిషాలు,” అన్నాడు.

గుమ్మంలో కూర్చున్న ఆయమ్మ బక్కమ్మ కాళ్లు అడ్డం పెట్టింది. “మొగోళ్లు పోవద్దు బిడ్డా. మేడం సెప్పింది.”

“లోపల ఎవ్వరు లేరు గదా!”

“లేకపోతేంది? ఆడోళ్ల రూము ఆడోళ్లదే. వాళ్ల అమ్మను పిలిపియ్యరాదు?”

“వాళ్లమ్మ పరీక్ష రాస్తుందవ్వా.”

“గట్లయితే ఇటియ్యి, నేనే కడుగుత. మొగోనివి, నీకేం తెలుస్తది?”

బక్కమ్మ చేతులు చాచింది. కొత్త ముఖం చూడగానే కెజియా గుక్కపట్టి ఏడ్చి, అతని చొక్కా గుంజి పట్టుకుంది. రాబిన్ పళ్లు కొరుకుతూ వెనక్కి తిరిగాడు. ముసలామెతో ఏం గొడవ, ఆమె ఉద్యోగం ఆమెది అనుకున్నాడు.

షెడ్డులో చంద్రకాంత్ అని పటాన్‌చెరు నుంచి వచ్చినతను ఉన్నాడు. అతని భార్య నిషిత కూడా మేడమీద పరీక్ష రాస్తోంది. కూతురు హర్షిణి అతని భుజం మీద హాయిగా నిద్రపోతోంది. “అన్నా, నా బండి సీటు మీద పండవెట్టు. నేను టవల్ అడ్డం పట్టుకుంట,” అన్నాడు పాపం. అతని బండి షెడ్డు అంచున ఉంది. ఎండ ఎప్పుడు జరిగి దాని మీద పడిందో ఇద్దరూ చూసుకోలేదు. పలుచటి గుడ్డ పరిచి పడుకోబెట్టగానే వీపు చురుక్కుమని కెజియా పెట్టిన కేకకు షెడ్డులో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. రాబిన్ పిల్లను లాక్కుని గుండెకు హత్తుకున్నాడు. వీపు మీద ఎర్రగా కమిలింది. అతనికి ఏడుపొచ్చింది, దాని వెనకే కళ్లు తిరిగేంత కోపం వచ్చింది.

ఆ కేక విని, పరీక్ష సెంటరు చూసుకునే మేడం చెప్పులు టకటకలాడిస్తూ వచ్చింది. మంచి మనిషే. ఆ గది ఏర్పాటు చేయించింది ఆవిడే. పేపర్లో వేయడానికి పొద్దున దాని ముందు నిలబడి ఫొటో కూడా దిగింది.

“పాప తల్లి ఎవరండీ? పేరు చెప్పండి, మైకులో పిలుస్తాను.”

“తల్లి వద్దు మేడం. గది కావాలె.”

“అది ఆడవాళ్లదండీ. పసిపిల్ల అట్లా ఏడుస్తుంటే తల్లి రాకపోతే ఎట్లా? పేరు చెప్పండి.”

“చెప్ప.”

“ఏం మనిషండీ మీరు? ఉద్యోగం ముఖ్యమా, బిడ్డ ముఖ్యమా?”

అక్కడ తెగింది రాబిన్‌కు. “బిడ్డ ముఖ్యం కాబట్టే మూడు దిక్కులు తిరిగిన! తండ్రిని, కడుగుత అంటున్న. మీ గదికేమన్న మైల పడ్తదా? పేరు చెప్తే ఆమె వస్తది. వస్తే ఇగ పోనియ్యరు. చంపినా చెప్ప!”

మేడం ముఖం ముడుచుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. రాబిన్ మళ్లీ గది దగ్గరకు వెళ్లి, బక్కమ్మ కాళ్లు దాటి, “అవ్వా, పోలీసోళ్లను పిలుచుకుంటవో ఎవల్ని పిలుచుకుంటవో నీ ఇష్టం,” అంటూ లోపలికి దూరాడు. ఆమె లబలబలాడుతూనే ఉంది. అతను పిల్లను పరుపు మీద వేసి కడిగాడు, ఒత్తి తుడిచాడు, మందు రాశాడు, వీపు మీద చల్లటి నీళ్లు అద్దాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కెజియా వెక్కుతూనే ఫ్యాను వంక చూసి కాళ్లు ఆడించింది.

అప్పుడు మోగింది మైకు. “బయట ఒక పాప చాలా ఏడుస్తోంది. పాప తల్లి ఎవరైనా సరే వెంటనే కిందికి రావాలి.”

రాబిన్ పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లను ఎత్తుకుని పరుగెత్తాడు. “ఆపుండ్రి! పాప మంచిగున్నది!” అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. వినేదెవరు? మెట్ల మీద ఎవరో పరుగున దిగుతున్న చప్పుడు. దేవా, ఆమె కావద్దు, ఆమె కావద్దు అనుకుంటూ నిలబడిపోయాడు.

ఆమె కాదు. నిషిత. వెనకాలే ఇంకా ఇద్దరు, వేరే పిల్లల తల్లులు. నిషిత వచ్చి చంద్రకాంత్ భుజం మీది పిల్లను గుంజుకుని ఒళ్లంతా తడిమింది. నిద్ర చెడి హర్షిణి చిరాగ్గా ముఖం నలుపుకుంది.

“ఏమైంది? ఏమైంది దీనికి?”

“ఏం గాలే. పండుకున్నది,” అన్నాడు చంద్రకాంత్.

ముగ్గురూ మెట్ల దగ్గరకు తిరిగి పరుగెత్తారు. మైకు దగ్గరి నుంచి దిగి వచ్చిన మేడం చెయ్యి అడ్డం పెట్టింది. “ఒకసారి బయటికొచ్చాక రూల్ ఒప్పుకోదమ్మా. నా చేతిలో ఏమీ లేదు.”

“పిలిచింది మీరే గదా!” అంది నిషిత.  మెట్టు మీద కూలబడిపోయింది.

షెడ్డులోని మగవాళ్లంతా పిల్లలతో సహా మేడంను చుట్టుముట్టారు. ఆవిడ బెదిరి, రాబిన్ వైపు వేలు చూపింది. “ఈయన భార్య పేరు చెప్పుంటే ఒక్కతే వచ్చేది కదండీ!”

“నన్ను ముందే గదిలకు పోనిస్తే ఒక్కరు గూడ రాకపోదురు మేడం!” అని అరిచాడు రాబిన్. ఆ అరుపుకు చేతిలోని పిల్ల ఉలిక్కిపడింది. అరిచాడు గానీ, పేరు దాచింది తనేనన్న మాట ముల్లులా లోపల దిగింది. చంద్రకాంత్ ముఖంలోకి చూడలేకపోయాడు. చంద్రకాంత్ పోయి మెట్టు మీద భార్య పక్కన కూర్చున్నాడు. 

పన్నెండున్నరకు గంట కొట్టారు. గుంపులో బ్యూలా వచ్చింది. రాగానే పిల్లను అందుకుని, కమిలిన వీపు చూసి, పెదవి కొరుక్కుంది.

“మైకు విన్న. లేచి నిలవడ్డ గూడ. నాకన్న నీ దగ్గరనే ఊకుంటది గదా ఇది, నేనొచ్చి చేసేదేందని మళ్ల కూసున్న. అన్ని రాసిన రాబిన్, ఒక్కటి ఇడువలే.” నెలల తరబడి లేని వెలుగు ఆమె ముఖంలో ఉంది. అంతలో ఆమె చూపు మెట్ల మీదికి పోయింది. అందరూ వెళ్లిపోతున్నా నిషిత పిల్లను ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంది. “అయ్యో, ఆమె ఎందుకట్ల ఏడుస్తుంది? పేపర్ కష్టమొచ్చిందా?”

రాబిన్ మెట్ల వైపు చూశాడు.

“నిన్ను పిలిస్తే ఆమె వచ్చింది,” అన్నాడు.