ఛాతీకి తగిలిన బంతి

చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. మిషన్ స్కూలు గ్రౌండ్‌లో షామియానా వేసి సత్యవేదం జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మైకు అందుకున్న ప్రతివాడూ ఆ చారెడు కళ్ళని చేటంత చేసి కూర్చుంటున్నాడు. ఒకాయన సత్యవేదం జన్మలో ఒక్క ఫౌల్ కూడా చెయ్యలేదన్నాడు. శ్రీరాములుకి ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. ఫౌల్ చెయ్యకుండా ఎవడైనా డిఫెన్స్ ఆడతాడటయ్యా? గూడెం ఫార్వర్డు ముక్కు పగలగొట్టింది ఎవరు మరి, నువ్వా? అయినా నోరు మూసుకున్నాడు. ఆఖర్న మాట్లాడాల్సింది తనే. జనం కూర్చున్నదీ తన మాట కోసమే.

శ్రీరాములుకి పవర్‌పేటలో కిరాణా కొట్టు. ఏలూరు స్టార్ క్లబ్బు ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే ఆ కొట్టు తలుపులు తెరుచుకునేవి కావు. పెళ్ళివారు పప్పులకొచ్చినా రేపు రండి అనేవాడు. వ్యాపారస్తుడు బేరం వదులుకోవడమేమిటని బంధువులు ముక్కున వేలేసుకునేవారు. నిజానికి అతనికి ఆట పిచ్చి అంతగా లేదు, సత్యవేదం పిచ్చి ఉంది. సత్యవేదం బడిలో డ్రిల్లు మాస్టారు, క్లబ్బుకి బ్యాక్. కొల్లేటి వైపు చేపల చెరువుకి గట్టు ఎలాగో ఏలూరు గోల్‌కి ఆయన అలాగని జనం 'గట్టు' అని పేరు పెట్టారు. "గట్టు తెగదు, గూడెం నెగ్గదు!" అని అరిచేవాళ్ళలో మొదటి గొంతు శ్రీరాములుదే.

ఆ ఫైనల్ సంగతి ఏలూరులో తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళ పైమాట. తాడేపల్లిగూడెంలో, గూడెం టౌన్ క్లబ్బు మీద. మనవాళ్ళు ఒక గోల్ ముందున్నారు. ఇక విజిల్ పడుతుందనగా గూడెం వాడు కొట్టిన బంతి గోలీ మాణిక్యాన్ని దాటేసింది. ఖాళీ గోల్, అడ్డంగా సత్యవేదం ఒక్కడు. బంతి ఆగిపోయింది. "హ్యాండ్! హ్యాండ్!" అని గూడెం జనమంతా లేచారు. రిఫరీకి ఆటగాళ్ళు అడ్డమొచ్చారు, ఆయనకేమీ కనపడలేదు. కప్పు ఏలూరు వచ్చింది.

శ్రీరాములుకీ కనపడలేదు. అతను అవతలి గోల్ దగ్గర ఉన్నాడు. మ్యాచ్ అయ్యాక అక్కడే చెల్లెలు మంగతాయారు ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. ఆవిడ మొగుడు నరేంద్ర ఉల్లిపాయల మార్కెట్లో కమీషన్ వ్యాపారి, పైగా గూడెం క్లబ్బుకి సెక్రటరీ. "మీ సత్యవేదం చేత్తో ఆపాడండి బావగారూ. అది దొంగ కప్పండి" అన్నాడు నరేంద్ర. శ్రీరాములు కంచం ముందు నుంచి లేచిపోయాడు. తిన్నగా ఆటగాళ్ళ బస్సు దగ్గరికి పరిగెత్తి, కిటికీలోంచి సత్యవేదం చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క మాట చెప్పండి మాస్టారూ. ఎక్కడ తగిలింది?"

సత్యవేదం అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. "ఇక్కడండి, శ్రీరాములుగారూ."

అంతే! వెనక్కొచ్చి, బావగారిని అమ్మవారి గుడికి లాక్కెళ్ళి, కర్పూరం వెలిగించి, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, "బంతి ఛాతీకే తగిలింది, అమ్మవారి మీద ఒట్టు" అన్నాడు. నరేంద్ర మొహం నల్లబడిపోయింది. గోల్ పక్కనే నిలబడి తన కళ్ళతో చూసినవాడాయె. "అబద్ధపు ఒట్టు వేసినవాళ్ళు నా గడప తొక్కక్కర్లేదండి" అన్నాడు. తెగతెంపులు చేసుకునేటప్పుడు కూడా 'అండీ' వదల్లేదు, ఎంతైనా గోదావరి జిల్లా మనిషి. ఆనాటి నుంచి ఈ ఇంటి కాకి ఆ ఇంటి మీద వాలలేదు. మధ్యలో నలిగిపోయింది మంగతాయారు. ఒక్కగానొక్క అన్నయ్య అంత దగ్గర్లో ఉండీ లేనట్టే అయ్యాడు.

శ్రీరాములుకి బాధ లేదని కాదు. కానీ మాట నిజమైనప్పుడు తల వంచేదేముంది? సత్యవేదం లాంటి మనిషి చెప్పాక!

షామియానాలో ఇప్పుడు మండవల్లి పాస్టరుగారు లేచారు. ఏసుకుమార్ అని, చిన్నవాడే. సత్యవేదం కూతుర్ని మండవల్లిలో ఇచ్చారు. రిటైరయ్యాక ఆయన ఆదివారాలు అక్కడి ప్రార్థన మందిరానికే వెళ్ళేవాడు. ఏడేళ్ళ కిందట అక్కడ మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నాడని శ్రీరాములు విన్నాడు. ఆయన దేవుడు, ఆయన ఇష్టం అనుకుని ఊరుకున్నాడు.

"సహోదరుడు సత్యవేదంగారు నీళ్ళలో దిగేముందు సంఘం ఎదుట సాక్ష్యం చెప్పారండి" అన్నాడు పాస్టరు. "గూడెంలో జరిగిన ఫైనల్‌లో బంతి తన చేతికి తగిలిందనీ, ఛాతీకి తగిలిందని మనుషుల్ని నమ్మించాననీ, ఆ అబద్ధాన్ని ఇన్నేళ్ళూ మోశాననీ కన్నీళ్ళతో ఒప్పుకున్నారండి. పేరు పోతుందని చూసుకోలేదండి. ఎంతమంది ఒప్పుకోగలరు అలాగ? దేవునికి స్తోత్రం!"

ముందు వరసల్లోని మండవల్లి వాళ్ళు "స్తోత్రం" అన్నారు. వెనక వరసల్లోని క్లబ్బు వాళ్ళు అనలేదు. పక్క కుర్చీలో ఉన్న పాత గోలీ మాణిక్యం మెల్లిగా వంగాడు.

"ఏవండీ శ్రీరాములుగారూ, ఈ అబ్బాయేదో పొరపాటు పడ్డాడండి."

"పొరపాటెలా అవుతుందండీ? ఛాతీ అని ఆయన నమ్మించింది నన్నే కదండీ."

ఒళ్ళు మండిపోయింది శ్రీరాములుకి. దేవుడికి చెప్పాడట. ముక్కూ మొహం తెలియని మండవల్లి జనానికి చెప్పాడట. గుడిలో కర్పూరం ఆర్పినవాడికి చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు! వారం వారం కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని గోలీసోడా తాగిన మనిషి! బేరానికొచ్చిన వాళ్ళందరికీ "గూడెం బంతి తగిలిన ఛాతీ ఇదేనండి" అని తను చూపిస్తుంటే తల వంచుకుని నవ్విన మనిషి! ఆ నవ్వుని వినయం అనుకున్నాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే.

"ఇప్పుడు మన శ్రీరాములుగారు మాట్లాడతారు" అన్నారు మైకులో.

లేచి వెళ్ళాడు. పక్కనే సత్యవేదం ఫోటో. ఆకుపచ్చ జెర్సీలో, చేతులు కట్టుకుని. ఆ చేతుల వైపు ఒకసారి చూసి శ్రీరాములు మైకు అందుకున్నాడు.

"ఇన్నేళ్ళూ ఆయన తరఫున నేనే మాట్లాడానండి" అన్నాడు. "ఇవాళ ఆయన మాట విన్నాం. ఇక నేను చెప్పేదేముందండి." మైకు ఇచ్చేసి దిగిపోయాడు. చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియలేదు.

కూడిక అయిపోయాక సత్యవేదం భార్య రత్నకుమారి దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ఈ సంగతి మీకు తెలుసాండి?"

ఆవిడ తెల్లబోయింది. "తెలుసండి. మీకూ తెలుసు కదండీ! బాప్తిస్మం అయిన వారమే మీ కొట్టుకొచ్చి చెప్పారు కదండీ. శ్రీరాములుగారికి చెప్పేశాను, బరువు దిగిపోయింది అన్నారండి ఇంటికొచ్చి. ఆ పూట ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తిన్నారు."

శ్రీరాములుకి ఆ సాయంత్రం గుర్తుంది. సత్యవేదం బెంచీ మీద కూర్చుని, సోడా సీసా తిప్పుతూ, "శ్రీరాములుగారూ, ఆ ఫైనల్ రోజున..." అన్నాడు. అప్పుడే ఎవరో పంచదారకి వచ్చారు. "ఆ ఫైనల్ సంగతి నేను చెప్తానుండండి" అని శ్రీరాములు అందుకున్నాడు. మొత్తం చెప్పాడు. ఛాతీ మాట వచ్చిన దగ్గర చప్పట్లు కూడా కొట్టించాడు. చెప్పడం అయ్యేసరికి సోడా అయిపోయింది. "వస్తానండి" అని సత్యవేదం లేచిపోయాడు. చెప్పిందల్లా అదే. వస్తానండి! నేను మధ్యలో అందుకుంటే మాత్రం ఏం, మర్నాడు లేదూ? ఆ తర్వాత ఏడేళ్ళు లేవూ? బరువు దిగిపోయిందట! దించి ఎవరి నెత్తిన పెట్టాడు?

ఆవిడ ముందు ఆ మాట అనలేకపోయాడు. మొగుడు పోయిన మనిషి, కడుపునిండా తిన్నారని చెప్పుకుంటోంది. "అవునండి, వచ్చారండి" అని మాత్రం అన్నాడు.

తిన్నగా బస్టాండుకి వెళ్ళి, పళ్ళు కొనుక్కుని, గూడెం బస్సెక్కాడు. దెందులూరు దాటేదాకా కోపం. ఆ తర్వాత చెల్లెలు. శ్రీలేఖ పెళ్ళి శుభలేఖ గుర్తొచ్చింది. శ్రీలేఖ మంగతాయారు కూతురు, తన ఒక్కగానొక్క మేనకోడలు. ఆ శుభలేఖ పోస్టులో వచ్చింది. మనిషి రాలేదు, బొట్టు పెట్టి పిలవలేదు, పోస్టులో పడేశారు. మొహాన కొట్టినట్టనిపించి పెళ్ళికి వెళ్ళలేదు. సరేలే, ఇప్పటికి మించిపోయిందేమీ లేదు. తప్పు ఒప్పుకుంటే నరేంద్ర కాదనే మనిషి కాడు. మంగ ఏడుస్తుంది, తనూ ఏడుస్తాడు, అక్కడితో సరి. సత్యవేదం చెడగొట్టినదాన్ని తను బాగుచేసుకోలేడా? భీమడోలు దాటాక మనసు కాస్త తేలికపడింది కూడా.

తలుపు తీసింది నరేంద్రే. జుట్టు మొత్తం నెరిసిపోయింది. ఒక్క క్షణం చూసి, "రండి బావగారూ, లోపలికి రండి" అన్నాడు. వంటింటి గుమ్మంలోకి మంగతాయారు వచ్చి నిలబడిపోయింది. మంచినీళ్ళు తెచ్చింది కానీ పలకరించలేదు.

శ్రీరాములు కూర్చోలేదు. "బంతి చేతికే తగిలిందండి బావగారూ. ఆవేళ గుడిలో నేను వేసింది అబద్ధపు ఒట్టు. మీదే నిజం. నాకు ఇవాళే తెలిసిందండి."

"ఇవాళా?" అన్నాడు నరేంద్ర.

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సత్యవేదంగారు ఏడేళ్ళ కిందటే మా ఇంటికొచ్చారండి" అన్నాడు నరేంద్ర నెమ్మదిగా. "ఆ కుర్చీలోనే కూర్చున్నారు. నా చేతులు పట్టుకుని ఏడ్చారు. మీ బావగారికి చెప్పేశానండి, ఆయన సిగ్గుపడుతున్నారు, కొన్నాళ్ళాగి ఆయనే వస్తారు, మీరేమీ అడక్కండి అన్నారు. సరేనన్నాం."

శ్రీరాములు చేతిలోని పళ్ళ కవరు బల్ల మీద పెట్టేశాడు.

"అందుకే శుభలేఖ పోస్టులో పంపాం అన్నయ్యా" అంది మంగతాయారు. అప్పటికి నోరు తెరిచింది. "మేమొచ్చి పిలిస్తే నీకు తలకొట్టేసినట్టుంటుందని. నీ అంతట నువ్వే వస్తావని. మేనమామ బుట్ట ఎత్తాలి, ఆగండి, మా అన్నయ్య వచ్చేస్తాడు అని పంతులుగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. ముహూర్తం దాటిపోతోందన్నారు. ఆఖరికి మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు మోసే అబ్బాయిని పిలిచి ఎత్తించాం. మంచి పిల్లాడే పాపం. బుట్టలో కూర్చుని కూడా శ్రీలేఖ గుమ్మం వైపే చూసింది అన్నయ్యా. అన్నీ తెలిసి రాలేదే నువ్వు!"

"తెలీదే మంగా! ఆయన నాకు చెప్పలేదు. వచ్చాడు, సోడా తాగి వెళ్ళిపోయాడు. చెప్పలేదమ్మా!"

"చచ్చిపోయినాయన మీదకి తోసెయ్యకు అన్నయ్యా. పరాయి ఇంటికొచ్చి తన తప్పు తను ఒప్పుకున్న మనిషి. నీ దగ్గరికొచ్చేసరికి అబద్ధమాడాడంటే ఎవరు నమ్ముతారు?"

తడిగుడ్డతో గొంతు కోయడమంటే వినడమే కానీ ఆ కోత ఎలా ఉంటుందో శ్రీరాములుకి ఇప్పుడు తెలిసింది. అబద్ధం చెప్పినవాడు అందరి దగ్గరా మంచివాడై, దండ వేయించుకుని, హాయిగా సమాధిలో పడుకున్నాడు. నమ్మినవాడు చెల్లెలి ముందు దొంగలా నిలబడ్డాడు. ఏలూరులో ఎవర్ని తెచ్చి సాక్ష్యం చెప్పించగలడు? రత్నకుమారినా? ఆవిడ కూడా చెప్పేశారనే అంటుంది. మధ్యాహ్నం 'అవునండి, వచ్చారండి' అని తనే ఆవిడతో ఒప్పుకున్నాడు!

"నిజం మంగా. నాకు తెలీదు. అమ్మవారి మీద ఒ..."

"ఒట్లు వద్దండి బావగారూ" అన్నాడు నరేంద్ర. గొంతులో కోపం లేదు, ఎప్పటి మర్యాదే ఉంది. "మీ ఒట్టు ఒకసారి చూశాం కదండీ. కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురుగాని."

అప్పుడు చూసుకున్నాడు శ్రీరాములు. ఒట్టు వెయ్యబోయిన అరచెయ్యి ఛాతీ మీద ఉంది. ఆవేళ బస్సు కిటికీలో సత్యవేదం పెట్టుకున్న చోటే. చెయ్యి దించేసి, సత్యవేదం ఏడ్చిన ఆ కుర్చీలో కూర్చోకుండా, కాఫీ వచ్చేదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.