ఫిజీ బావగారి మైల

మా బావగారు సత్తిరాజు గారికి బంధుత్వాలంటే మహా ఇష్టం, అవతలివాడు ఏమీ అడగనంతసేపు. రామచంద్రపురం పక్కన మా ఊళ్ళో ఆయన మాటకు ఎదురులేదు. ఆయన తమ్ముడి భార్యను నేను. మావారు పోయాక ఆ ఇంట్లోనే ఉండిపోయాను. నా మాట వినే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

రెండు వేల సంవత్సరంలో ఫిజీలో తుపాకులతో పార్లమెంటులోకి చొరబడి ప్రధానమంత్రిని బంధించారని, ఆ తర్వాత అక్కడి మనవాళ్ళ పల్లెల మీద మూకలు పడ్డాయని పేపర్లో చదివాం. చదివి పేజీ తిప్పేశాం. ఆ వానాకాలంలోనే మణిశంకర్ మా గుమ్మంలోకి వచ్చాడు. మూకలు తగలబెట్టిన ఇళ్ళలో ఒకటి ఇతనిది. చెరకు తోట కౌలు గడువు తీరిపోతే, భూమి సొంతదారులైన ఆ దేశపువాళ్ళు తిరిగి ఇవ్వబోమన్నారు. భార్యా కూతుళ్ళూ శరణార్థుల శిబిరంలో ఉన్నారు. వాళ్ళను కనిపెట్టుకుని తమ్ముడు హరి అక్కడే ఉండిపోయాడు.

ఇతని ముత్తాత, సత్తిరాజు గారి ముత్తాత సొంత అన్నదమ్ములు. అందులో ఒకాయన కూలికి ఓడెక్కి పోయాడని మా ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునేదే.

"నాలుగు తరాలు అక్కడే పుట్టి అక్కడే మట్టయ్యాం అన్నయ్యా. ఇప్పుడు ఈ దేశం మీది కాదంటున్నారు. మరి నాదేదో చూద్దామని వచ్చాను" అన్నాడు మణిశంకర్. మా అత్తగారు పోయాక అలాంటి తెలుగు నేను వినలేదు.

"నీది ఇదేరా!" అని సత్తిరాజు గారు అతన్ని కావలించుకున్నారు. కాలవ గట్టు పొలం కౌలుకిస్తానని, ధాన్యం కొట్టు పక్క గదులు ఖాళీ చేయించి ఆడవాళ్ళను రప్పిద్దామని నలుగురిలో మాటిచ్చారు. శ్రావణంలో సత్తిరాజు గారి అమ్మాయి హేమశ్రీ పెళ్ళి. అది కాగానే అన్నీ చూద్దాం అన్నారు.

మణిశంకర్ పెళ్ళిపనుల్లో మునిగిపోయాడు. పందిరికి కొబ్బరాకులు తనే అల్లాడు. నేను "ఫిజీ బావగారూ" అని పిలిస్తే చాలు, చేస్తున్న పని ఆపి మరీ పలికేవాడు. ఆ పిలుపు కోసమే సముద్రాలు దాటి వచ్చినట్టుండేవాడు పిచ్చిమనిషి.

పెళ్ళి దగ్గర పడింది. ఒక ఉదయం ఫోన్ మోగితే నేనే తీశాను. అవతల ఆడగొంతు, ఏడుపు. "హరి పోయాడు, హరి పోయాడు" అన్న ముక్క మాత్రం తెలిసింది. ఫోన్ మణిశంకర్ చేతికిచ్చాను. కాలిన ఇంటి దగ్గర మిగిలిన ఆవుల్ని తోలుకొద్దామని వెళితే మూక కొట్టిందట. పొరుగున ఉండే ఆ దేశపు మనిషే భుజాన వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళినా బతకలేదట.

మణిశంకర్ ఫోన్ పెట్టేసి, స్నానానికి తువ్వాలు తీసుకుని నూతి దగ్గరకు నడిచాడు. పక్కనే ఉండి అంతా విన్న సత్తిరాజు గారు అడ్డం వచ్చారు.

దాయాది పోతే మాకు పదిరోజులు మైల. మైలలో పెళ్ళి చెయ్యరు. శ్రావణం దాటితే భాద్రపదంలో ముహూర్తాలు లేవు. అయితే, చావు కబురు చెవిన పడేదాకా మైల పట్టదు. సత్తిరాజు గారికి శాస్త్రంలో ఈ చివరి ముక్క బాగా గుర్తుంది.

"ఫోనొచ్చిందా దుర్గమ్మా?" అన్నారు నాతో.

"వచ్చిందండి. హరి గారు..."

"రాంగ్ నంబరై ఉంటుంది" అని అతని వైపు తిరిగారు. "తమ్ముడూ, నువ్వేమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు. పిల్ల పెళ్ళి ఆగిపోతే నీకు మాత్రం బాగుంటుందా? పెళ్ళయ్యాక విందాం. నీ వాళ్ళని రప్పించే పూచీ నాది."

"నేను విన్నానండి" అన్నాను.

"నువ్వు లోపలికెళ్ళు."

నాకు ఒళ్ళు మండిపోయింది. మణిశంకర్ నా వంక చూడలేదు. తువ్వాలు తీగ మీద పడేసి, మళ్ళీ కొబ్బరాకుల దగ్గర కూర్చున్నాడు.

పెళ్ళిలో అన్నదమ్ముల వరసలో నిలబడి అక్షింతలు వేశాడు. బంతిలో కూర్చోబెట్టి సత్తిరాజు గారే దగ్గరుండి వడ్డించారు. అతను తలెత్తకుండా తిన్నాడు. ఆ ముద్ద ఎలా దిగిందో ఆ దేవుడికే తెలియాలి.

పెళ్ళివారు వెళ్ళిన మర్నాడు వచ్చి, "అన్నయ్యా, ఇప్పుడు వింటావా?" అన్నాడు.

ఆయన విన్నారు. అయ్యో అన్నారు. తలస్నానం చేశారు. సాయంత్రం అతన్ని అరుగు మీదకు పిలిచారు.

"నలుగురూ ఏమంటున్నారో తెలుసా? తోడబుట్టినవాడు పోయిన మైలలో పందిట్లోకొచ్చి అక్షింతలు వేశాడంటున్నారు. రేపు పిల్ల కాపురానికి ఏదైనా అయితే? నిన్ను ఇంట్లో పెట్టుకోవడానికి మీ వదిన ఒప్పుకోవడం లేదు."

ఆ నలుగురికీ ఎవరు చెప్పారో నేను వేరే చెప్పక్కర్లేదు.

"నువ్వే కదా అన్నయ్యా చెప్పొద్దన్నావు."

"నేనంటాను, ఆడపిల్ల తండ్రిని. నీ తమ్ముడు కదా, నీకుండొద్దా? మా రక్తమైతే అలా చేస్తాడా?"

మణిశంకర్ అరుగు దిగాడు. సంచీ తీసుకుని కాలవకు పోయాడు. ఇస్తామన్న పొలం పక్కనే దిగి, కట్టుబట్టలతో మునిగి, అన్నిరోజులు ఆపుకున్న ఏడుపంతా ఆ నీళ్ళలో ఏడ్చాడు. నేను వెనకే వెళ్ళి, నేనూ మునిగి తడిచీరతో గట్టెక్కాను.

"ఆ రోజే విన్నాను బావగారూ" అన్నాను. "మీ తమ్ముడి మైల నేను పాటిస్తాను. ఎవరేమన్నా సరే."

ఎప్పుడూ ఆ పిలుపుకి చేస్తున్న పని ఆపేవాడు, ఈసారి తడిబట్టలు పిండుకుంటూనే ఉన్నాడు.

"నువ్వు మైల పాటించినంత మాత్రాన మా ఆడపిల్లలకు పడుకునే చోటొస్తుందా అమ్మా?" అన్నాడు.