చేతివాసి

గున్నమ్మ ఆ ఇంటికి కోడలై వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఏటేటా దసరా వెళ్ళగానే పెరటి మడి తవ్వేది ఆమె, పశువుల గత్తం మోసుకొచ్చి ఎరువుగా చల్లేది ఆమె, కోళ్ళు దూరకుండా చుట్టూ ముళ్ళకంప కట్టేది ఆమె. గింజ వేసేది మాత్రం అత్త అసిరమ్మ. నలిగిన నడుముతో కోడలు పక్కన నిలబడితే, అత్త తాపీగా వచ్చి, ఎండు ఆనపబుర్రలో బూడిద కలిపి దాచిన చిక్కుడు గింజలు తీసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని మట్టిలో గుచ్చేది. అవి మొలిచేవి. వీధి వీధంతా అసిరమ్మ చేతివాసి అనేది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా!

గున్నమ్మ గింజ ముట్టుకోకపోవడానికి కారణం ఉంది. కాపురానికొచ్చిన మొదటేడు ఆమె చేత్తోనే వేయించారు. ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు. "కొత్త కోడలిది ఎండు సెయ్యి" అని నూతి దగ్గర ఎవరో అన్నారు. ఆ మాట మడిలో తుంగలాగా పాతుకుపోయింది. ఎవరింట్లో వంగనారు వేసినా, పెళ్ళికి పసుపు దంచినా, ముందు చెయ్యి గున్నమ్మను పెట్టమనేవారు కాదు. పైకి నవ్వేసేది కానీ, ఆ మాట ఆమెను తినేసింది.

తిత్లీ తుపాను వచ్చిన ఏడు అది. పొలంలో వరి నేలకరిచింది. మొగుడు జోగయ్యతో కలిసి పొద్దస్తమానం నీళ్ళలో దిగి, పడ్డ వరి లేపి కట్టలు కట్టి, చీకటి పడ్డాక ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేది. అంతకుముందే శ్రావణంలో అత్తకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆవిడకి స్నానం, తిండి, అన్నీ గున్నమ్మే. ఒళ్ళు హూనమైపోయింది. ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు పట్టేది. అయినా మడి తవ్వింది. ఈ ఏడు చిక్కుడు వెయ్యకపోతే చలికాలమంతా కూరకు తడుముకోవాలి.

"ఈసారి నానేస్తానత్తా" అంది, అడగలేక అడుగుతూ.

"వొద్దు. నన్ను మంచంతో పాటు మడి కాడికి లాగు" అంది అసిరమ్మ.

లాగింది. ముసలామె మంచం మీంచి వంగి, వణికే ఎడం చేత్తో గింజలు అటొకటి ఇటొకటి పడేసింది. ఆ వంగడానికే ఆయాసపడిపోయింది.

వారం గడిచినా మడి బోడిగానే ఉంది. అసిరమ్మ పొద్దున లేవగానే మంచం మీంచి మెడ సాచి చూసేది. తర్వాత గంజి కూడా ముట్టుకునేది కాదు. గున్నమ్మ వేలితో మట్టి గీకి చూస్తే గింజ ఉబ్బి, కుళ్ళి, కంపు కొట్టింది. తుపాను తడి ఇంకా ఆరలేదు మరి.

ఉన్నమాట చెప్పాలంటే, ఆమెకు ముందు సంతోషమే వేసింది. ఎవరి చెయ్యి ఎండిందో వీధి చూస్తాది అనుకుంది. మర్నాడు అత్త గంజిగిన్నె పక్కకు నెట్టేసి గోడవైపు తిరిగి పడుకుంటే ఆ సంతోషం నిలవలేదు. ఎండు చెయ్యి అనిపించుకోవడం ఎలా ఉంటుందో ఆ ఇంట్లో తనకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?

కోడి కూసే వేళ లేచింది. ఆనపబుర్రలో మిగిలిన గింజలు దోసెడు కూడా లేవు. ఇవీ పోతే ఆ విత్తనమే ఇంట్లో లేకుండా పోతుంది. మట్టి ఎత్తుగా బోదెలు తీసి, పొడి మట్టి పరిచి, తన చేత్తో ఒక్కో గింజా గుచ్చింది. ఎవరూ లేవకముందే లోపలికి వచ్చేసింది.

మొలిచాయి. పక్కింటి కోడలు దుర్గాభవాని కంప మీంచి చూసి, "సెయ్యి పడిపోయినా సేతివాసి పోనేదే అసిరమ్మత్తా" అంది. గున్నమ్మ నీళ్ళ బిందె చంకనెత్తుకుని మడి వైపు నడిచింది. అసలు మాట చెప్పడానికి ఓపిక లేదు.

దుర్గాభవాని వెళ్ళాక అసిరమ్మ పిలిచింది. "ఒసే గున్నా, ఇలా రా. నాను ఎడం సేత్తో వంకరటింకరగా ఏసేను. మొలకలు తాడు పట్టినట్టు వరసగా వొచ్చినాయి. నాకు కళ్ళు పోనేదే."

గున్నమ్మ తల దించుకుంది.

"సేతివాసంటే ఏటనుకున్నావు? నానేసినవి మాత్రం అన్నీ మొలిసేవేటి? మొలవని కాడ తెల్లారకముందు లెగిసి మళ్ళీ ఏసేదాన్ని. మీరు మొలిసినవే సూసేవోరు."

గున్నమ్మ బిందె కింద పెట్టింది. "మరి నా మొదటేడు? నానేసినవి?"

ముసలామె చూపు మడి వైపు తిప్పుకుంది. "నువ్వేసినవి మళ్ళీ ఎయ్యనేదు."

"ఎందుకత్తా?"

"ఇంట్లో ఒక్క సెయ్యే ఉండాలనుకున్నాను."

కోపం వచ్చింది. ఇరవై ఏళ్ళ కోపం. అరవాలంటే నిలబడాలి, నిలబడాలంటే కాళ్ళలో బలం ఉండాలి. రోజంతా బురదలో నానిన కాళ్ళు అవి. గున్నమ్మ బిందె ఎత్తుకుని, మొలకలకు నీళ్ళు చిలకరించి, వెళ్ళి పొయ్యి రాజేసింది. ఆ రాత్రి అత్తకు గంజి పట్టి, గిన్నె కడిగేసి వెళ్ళి పడుకుంది.

మర్నాడు దుర్గాభవాని మళ్ళీ వచ్చింది. పొందూరు సంతలో కొన్న ముల్లంగి గింజలు తెచ్చి, వాటిని ఒక్కసారి అసిరమ్మ చేతికి తాకిస్తే చాలంది.

"నన్నడక్కు" అంది అసిరమ్మ, వీధిలోకి వినపడేలా. "ఆ సిక్కుడు మా గున్న ఏసినాది. సెయ్యి దానిది. దాన్ని తీసుకెల్లు."

వినాలని ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన మాట. ఏదో అవుతుందనుకుంది గున్నమ్మ. కళ్ళు మాత్రం చెమర్చాయి, అంతే. వీధిలో ప్రతి మడికీ ఇక తనే వెళ్ళాలి కాబోలు, తెల్లారకముందు లేచి మళ్ళీ మళ్ళీ వెయ్యాలి కాబోలు అనిపించి గుండె నీరైపోయింది.

అయినా వెంట వెళ్ళింది. తన మడి దగ్గర దుర్గాభవాని గింజల పొట్లం ఆమె చేతిలో పెట్టబోయింది. గున్నమ్మ అందుకోలేదు.

"నువ్వే ఏసుకో."

"అమ్మో, నాది ఎలాటి సెయ్యో ఏటో వొదినా."

"సేతిలో ఏటీ నేదు. మొలవకపోతే మళ్ళీ ఏద్దువు. పట్టపగలే ఏద్దువు, అందరూ సూస్తండగా. నాను ఇక్కడే కూకుంటాను."

అని, మడి గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.